హనుమండ్లు ఉన్న గది

పడవ దిగీ దిగకముందే దేవవ్వ తగవు పెట్టుకుంది.

జైలు గేటు ముందు ఖైదీల చారల బట్టలు, ఇనుప బేడీలు అద్దెకిచ్చే కొట్టు ఒకటి ఉంది. కాలేజీ పిల్లలు కొందరు అవి తొడుక్కుని ఫొటోలు దిగుతున్నారు. ఒకరినొకరు తోసుకుంటూ నవ్వుకుంటున్నారు.

"ఏం ఇకిలిస్తున్రు? గిది జైలనుకున్నరా, జాతరనుకున్నరా?" అంటూ దేవవ్వ వాళ్ల మీదికి పోయింది.

పిల్లలు బిత్తరపోయారు. కూతురు మమతారాణి ఆమె భుజం పట్టి ఇవతలికి లాగింది.

"కొట్లాడనీకె వచ్చినవా అవ్వా? జర సప్పుడు జేయకు."

"కొట్లాడనీకే వచ్చిన."

గోదావరి రెండు పాయల నడుమ ఎత్తుగా ఉన్న దీవి అది. నిజాం కాలంలో అక్కడ జైలు కట్టారు. ముప్పై ఏళ్ల కిందట మూసేశారు. మొన్న ఉగాదికి గోడలకు రంగులేసి, పచ్చగడ్డి పెంచి, చూడవచ్చేవాళ్ల కోసం మళ్లీ తెరిచారు. ఆ ముచ్చట చెప్పే వీడియో ఒకటి మమతారాణి ఫోన్లో కనబడింది. అందులో ఎవరో పాత ఖైదీల ఫొటోలు చూపిస్తూ ఒక పేరు పలికారు. ఆ పేరు వినగానే దేవవ్వ ఫోన్ లాక్కుంది. ఆ పూట అన్నం ముట్టలేదు. తెల్లారి, "నన్ను ఆడికి తోల్కపో" అంది.

మరమగ్గాల షెడ్డులో సాంచాలు నడిపే మమతారాణి సెలవు పెట్టింది. సిరిసిల్లలో బస్సెక్కి, మారి, లక్సెట్టిపేటలో దిగి రేవుకొచ్చారు. దారంతా దేవవ్వ పళ్లు కొరుకుతూనే ఉంది.

జైలు తిప్పి చూపించేది ముకర్రం. మంచి మాటకారి. వచ్చినవాళ్లందరినీ నడవాలో నిలబెట్టి మొదలుపెట్టాడు.

"ఎవరు ఏం జేసి వచ్చిన్రన్నది మేం చెప్పం సార్. ఈ గోడల నడుమ వాళ్లు ఎంత తిప్పలు పడ్డరో గది చెప్తం."

"ఎందుకు చెప్పరు?" గుంపు వెనక నుంచి దేవవ్వ అరిచింది. "గదే గద చెప్పాల్సింది!"

అందరూ తిరిగి చూశారు. ముకర్రం జనాన్ని తప్పించుకుని దగ్గరికొచ్చాడు.

"ఎవరికోసం వచ్చిన్రమ్మా?"

"హనుమండ్లు. మా ఊరే. ఏ గదిల ఉండె?"

ముకర్రం ముఖం వెలిగింది. "హనుమండ్లు మనుషులా మీరు! ఫొటోలల్ల ఉన్నోళ్ల తరఫున ఇప్పటిదాక ఒక్కరు రాలే. మా అబ్బా గిదే జైల్ల వంట జేసేటోడు. ఆయన ముచ్చట్లు మస్తు చెప్తుండె. రాండ్రి."

దేవవ్వ ఔననలేదు, కాదనలేదు. జనం పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు.

చిన్న రాతి గది. గోడకు హనుమండ్లు ఫొటో. నెరిసిన జుట్టు, నెమ్మదైన చూపు. దేవవ్వ గోడను అరచేత్తో చరిచింది.

"కొట్టేటోళ్లా?"

"అయ్యో, లేదమ్మా. ఆయన మీద ఎవ్వరు చెయ్యెత్తలే."

"కడుపునిండ పెట్టేటోళ్లా?"

"మా అబ్బా చేతి వంటే. పండుగలకు మాంసం గూడ."

"నిద్ర పట్టేదటనా?"

ఆమెను ఎలాగైనా ఊరడించాలని ముకర్రం ఆత్రపడ్డాడు. "పన్నడంటే గురకేనట! బయట మల్లెచెట్లు చూసిన్రా? ఆయన పెట్టినయే. భజన పాడితే జైలర్ గూడ వచ్చి కూసునేటోడట."

ఒక్కొక్క జవాబుకూ దేవవ్వ ముఖం మరింత కందిపోయింది. ముక్కుపుటాలు అదిరాయి.

"ఎట్ల సచ్చిండు?"

"నిద్రల్నే పోయిండమ్మా. ఏ బాధ పడలే. ఆ దినం జైలంత ఏడ్చిందట."

"ఏడ్చిన్రా?" దేవవ్వ గొంతు చీలిపోయింది. "కడుపుల గీ పిల్లను పెట్టుకోని, దినమంత నూలు కండెలు చుట్టుకుంట నేను ఒంటిగ బతికితె, తిన్నవా అని అడిగినోడు లేడు. ఈడ మాత్రం అందరు ఏడ్చిన్రా?"

గుంపులో ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తండ్రిని ఎన్నడూ చూడని మమతారాణి వైపు అందరూ జాలిగా చూశారు. ఆమె తలొంచుకుంది.

ముకర్రం పరుగున పోయి బంతిపూల దండ తెచ్చాడు.

"మీ చేత్తోని ఎయ్యిండ్రమ్మా. ఆయన ఆత్మ సల్లగుంటది."

జనం ఫోన్లు పైకెత్తారు.

"వద్దవ్వా, పోదాం పా." మమతారాణి చేయి పట్టింది. దేవవ్వ విదిలించుకుంది.

దండ అందుకుంది. ఫొటోలోని ముఖాన్ని రెప్ప వేయకుండా చూసింది. ఉన్నట్టుండి దండను తెంపి కాళ్ల కిందేసి తొక్కింది. మేకుకున్న ఫొటోను గుంజి బండ మీదికి విసిరికొట్టింది. అద్దం భళ్లున పగిలింది.

ఎత్తిన ఫోన్లు కిందికి దిగాయి. ఇందాక కళ్లు ఒత్తుకున్నామె ముందుకొచ్చింది.

"ఎంత కోపమైతె మాత్రం, కట్టుకున్నోన్ని గట్ల జేస్తరా అమ్మా?"

దేవవ్వ ఆమె వైపు తిరిగింది.

"నేను కట్టుకున్నది వీన్ని గాదు బిడ్డా, వీడు గొడ్డలితోని నరికి సంపినాయన్ని."