అట్టకట్టిన జుట్టు

"ఇది తలా, పిచ్చుకగూడా?" కోడలి జుట్టులో దువ్వెన విరిగేసరికి, ఇంటికొచ్చిన పార్లరమ్మ విసుక్కుంది.

"నెల్లాళ్లుగా మంచం దిగదు. ఒట్టి బద్ధకం! తిండి దండగ," గుమ్మంలో అత్తగారు మూతి తిప్పింది.

"నేను చూసిన సోమరుల్లో నీకే ఫస్టు ప్రైజు," అంటూ పార్లరమ్మ కత్తెర తీసింది.

కోడలు అత్తకు వినపడకుండా గొణిగింది. "పనయ్యాక ఆ కత్తెర ఇక్కడ మరిచిపోకక్కా. అలాంటివి చూస్తే నా మీద నాకే భయమేస్తోంది."

పార్లరమ్మ చెయ్యి ఆగిపోయింది. కత్తెరను సంచిలో పెట్టేసి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"లే తల్లీ, డాక్టరు దగ్గరికెళ్దాం."

"బద్ధకానికి డాక్టరా?" కిసుక్కున నవ్వింది అత్తగారు.

"బద్ధకమని కూసిన నోళ్లు రెండు, పెద్దమ్మా. నాది మూసేశాను. మీదీ మూసుకుని, ఆ గుమ్మానికి అడ్డు తప్పుకోండి."