లెక్కలో లేనివాడు

డ్రిప్ పెట్టాలని నర్సు నా చేతి గాజులు పైకి తోసింది. పోయిన ఆదివారం సీమంతంలో తొడిగిన పచ్చగాజులు. నాకింకా ఏడో నెలే. పొద్దున్నుంచి నొప్పులు ఆగడంలేదు.

"ఎట్లైనా ఆపండి డాక్టరమ్మా," మా అత్త నాగరత్నమ్మ చేతులు జోడించింది.

"చూస్తున్నాం. ఇది మొదటి కాన్పే కదా?"

నేను అత్తవైపు చూసినాను. సీమంతం మొదటి కాన్పుకే చేస్తారు. అందుకని ముందు పోయిన కాన్పును లెక్కపెట్టొద్దని, ఆస్పత్రిలో కూడా చెప్పొద్దని నాతో ఒట్టేయించుకున్నది ఆమే.

అత్త మంచం కమ్మీ పట్టుకుంది.

"కాదమ్మా. ముందు ఒకడు పుట్టినాడు. ఏడో నెల్లోనే. రెండు దినాలు బతికినాడు."

డాక్టరమ్మ పెన్ను ఆగిపోయింది.

"ఒకసారి నెలలు నిండకుండా కాన్పయితే మళ్ళీ అట్లే అయ్యే భయం ఎక్కువమ్మా. మొదట్లోనే చెప్పుంటే కనిపెట్టుకుని ఉండేవాళ్ళం కదా!"

అత్త నా కాళ్ళమీద తల వాల్చి ఏడ్చింది. డాక్టరమ్మ ఫైల్లో 'మొదటి కాన్పు' అన్నది కొట్టేసింది.

నొప్పి మళ్ళీ వచ్చింది. పళ్ళు బిగించినాను.

వాడు పోయి రెండేళ్ళు. మా అత్త నోట నా కొడుకు ఈ పొద్దే పుట్టినాడు.