ముసలి నక్క తవ్విన గుమ్మాలు

రాళ్ల బీడులో ఒక ముసలి గుంటనక్క ఉండేది. పిల్లి కన్నా కాస్త పెద్ద ఒళ్లు, నిక్కపొడుచుకున్న చెవులు, కొస నల్లగా ఉన్న కుచ్చుతోక. చెదపురుగులు తిని తిరిగొచ్చేసరికి ఏ కన్నంలోంచి బయటికొచ్చిందో మరిచిపోయేది. గాభరాపడి ఇంట్లోకి కొత్త కన్నం తవ్వేసేది.

"అమ్మా, ఇంటిని జల్లెడ చేశావు కదే! వానొస్తే పిల్లలేమైపోవాలి?" అని కూతురు దెప్పేది.

ఒకరోజు కూతురు తిండి కోసం వెళ్లినప్పుడు వేటకుక్క ఒకటి వాసన పట్టి వచ్చి, కన్నంలో మూతి దూర్చింది. లోపల నాలుగు కూనలున్నాయి.

"ఉరకండర్రా!" అంది ముసలమ్మ.

కూనలు ఇంకో కన్నంలోంచి బయటపడ్డాయి. కుక్క అటు దూకింది. అవి మరో కన్నంలో దూరిపోయాయి! కుక్క అక్కడికి చేరేలోగా ముసలమ్మ దాని వెనకాల తల బయటపెట్టి చెవులాడించింది. తిరిగి తిరిగి కుక్క నాలుక వేలాడేసింది.

"నీ ఇంటికి ఎన్ని గుమ్మాలే ముసలీ?" అని రొప్పింది.

"అది గుర్తుంటే ఇన్నెందుకు తవ్వుతాను నాయనా!"

కుక్క తోక ముడిచి వెళ్లిపోయింది. తిరిగొచ్చి సంగతంతా విన్న కూతురు, అమ్మ పక్కన చేరి మట్టి గోకడం మొదలుపెట్టింది.