పెద్దలు ఒప్పుకోవాలి

మంచం కింద లేదు, బియ్యం డబ్బా వెనక లేదు, చివరికి కోళ్ళ గూట్లో కూడా లేదు. ఎర్ర ప్లాస్టిక్ స్టూలుకి రెక్కలు రావుగా. దాచేసింది. కన్నకూతురే దాచేసింది. నిప్పు ముట్టుకుంటుందని చంటిదానికి కనబడకుండా అగ్గిపెట్టె దాచినట్టు, డెబ్బై ఆరేళ్ళ తనకి అందకుండా స్టూలు దాచేసింది.

లువా వెలిగించని అగరొత్తులు పట్టుకుని గోడ దగ్గరికి వచ్చింది. పౌర్ణమి పొద్దెక్కుతోంది. గోడ మీద ఎత్తున, పోయిన పెద్దల పీఠం మీద, మొగుడు కియెమ్ ఫోటోలోంచి ఎదురు చూస్తున్నాడు. పోయి మూడేళ్ళయినా ఒక్క పౌర్ణమి కూడా అతన్ని ఇంతసేపు నిలబెట్టలేదు.

"దియెప్! స్టూలేదే?"

"ఇవ్వను." కూతురు వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "గురువారం ఎలా పడ్డావో చెప్పు, అప్పుడిస్తాను."

"ఎవరే పడింది?"

"ఇల్లంతా నొప్పులకి రాసే పచ్చనూనె వాసన. మూడు రోజుల్నుంచి ఒక పక్కకే ఒరిగి కూర్చుంటున్నావు. మంచం మీద స్టూలు, స్టూలు మీద నువ్వు! సర్కస్ వాళ్ళయినా కింద వల కట్టుకుంటారమ్మా."

అప్పుడు చూసింది లువా, గుమ్మంలో నిలబడ్డ మనిషిని. వడ్రంగి సాంగ్. చేతిలో కొలబద్ద. అంటే అంతా ముందే మాట్లాడుకున్నారన్నమాట.

"పీఠం రెండు మూరలు దింపితే చాలు పెద్దమ్మా," అన్నాడు సాంగ్. "నేల మీద నిలబడే అగరొత్తి గుచ్చొచ్చు. అరగంట పని."

"మీ ఇంట్లో దింపుకో నాయనా." లువా గోడ మీది మట్టిరంగు గీతని వేలితో పొడిచింది. "వరదొచ్చిన ఏడు నీళ్ళు ఇక్కడిదాకా వచ్చాయి. మళ్ళీ అందకూడదని మా ఆయన తన చేత్తో మేకులు కొట్టిన పీఠమే ఇది. పెద్దల్ని నీళ్ళలో ముంచుతావా?"

"వరదొస్తే పెద్దల్ని నేను మోసుకెళ్తా," అంది దియెప్. " తుంటి విరిగితే నిన్నెవరు మోస్తారు? పోనీ, అగరొత్తి నేను వెలిగిస్తానంటే వద్దంటావు."

"నా మొగుడికి నేను వెలిగించుకుంటాను. నా చెయ్యేం పడిపోలేదు."

"చెయ్యి కాదు, మనిషివే పడిపోయావు!"

సాంగ్ మెల్లగా పీఠం వైపు నడిచాడు.

"ఆగు! పెద్దల్ని అడక్కుండా మేకు ముట్టుకుంటే చేతులు పడిపోతాయి."

సాంగ్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"అయితే అడుగు," అంది దియెప్. "ఇప్పుడే అడుగు."

లువా పెట్టె అడుగునుంచి రేకుడబ్బా తీసింది. దాని చుట్టూ తెల్లటి గుడ్డపేలిక. మొగుడి శవం లేచిన రోజు, చావుకని తలకి కట్టుకున్న గుడ్డ చింపి తనే కట్టిన జంట ముడి. వేళ్ళకి లొంగక పళ్ళతో లాగి విప్పింది. లోపల పెద్దల్ని అడిగే రెండు రాగి బిళ్ళలు, ఇలాంటివాటికి ఒక పక్క సున్నం పూస్తారు. ఒకటి సున్నం వైపు, ఒకటి రాగి వైపు పడితే ఔనన్నట్టు. రెండూ ఒకే రంగు పడితే కాదన్నట్టు.

"మీ నాన్న తప్ప ఇంకో చెయ్యి సోకని బిళ్ళలివి. నిన్ను చదివించడానికి వేశాడు, ఒప్పుకున్నారు. నేను మార్కెట్లో కొట్టు పెడతానంటే మీ నాయనమ్మ మూడు రోజులు అన్నం మానేసింది. ఆయన వేశాడు. మొదటి విసురుకే ఒప్పుకున్నారు, ముసలావిడ నోరు మూసుకుంది. అదీ ఆయన భక్తి! ఇప్పుడు కాదన్నారంటే ఇక ఈ ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు."

"ఎత్తను. ఔనంటే?"

"అనడు. ఆయన పెట్టిన పీఠం ఆయనే దింపమంటాడా?"

లువా ఒక పళ్ళెం ముందు పెట్టుకుని బిళ్ళలు వేసింది. అవి గిర్రున తిరిగి పడ్డాయి. ఒకటి తెలుపు, ఒకటి రాగి.

"చెయ్యి జారింది," అంది లువా.

మళ్ళీ వేసింది. ఒకటి తెలుపు, ఒకటి రాగి.

మూడోసారి కళ్ళు మూసుకుని, పళ్ళు బిగించి, పళ్ళెం పగిలిపోయేట్టు విసిరింది. కళ్ళు తెరవకముందే సాంగ్ అన్నాడు: "పెద్దాయన తొందరపడుతున్నట్టున్నారు పెద్దమ్మా."

"దొంగదానా!" లువా కూతురి మీదికి లేచింది. "బిళ్ళలు మార్చేశావు!"

"నేనా? ముడి వేసింది నువ్వు. విప్పింది నువ్వు. పళ్ళతో!"

నిజమే. తన ముడే. ఈ దొంగతనం ఎక్కడుందో తేల్చాలని లువా తెల్ల బిళ్ళ తీసి తిప్పింది. అటూ తెలుపే. రెండోది తిప్పింది. అటూ రాగే. ఎలా వేసినా ఔననే పడతాయి. గోటితో గీకితే సున్నం రాలలేదు, ఏళ్ళ తరబడి గట్టిపడి రాయైపోయింది.

మూడు రోజులు అన్నం మానేసిన అత్తగారు గుర్తొచ్చింది. కొట్టు తెరిచిన పొద్దున ఈ పీఠం ముందు తను పెట్టిన దండాలు గుర్తొచ్చాయి. తల ఎత్తింది. ఫోటోలో కియెమ్ ఎప్పటిలాగే ఏమీ ఎరగనట్టు చూస్తున్నాడు. కిందికి లాగి రెండు చెంపలూ వాయించాలనిపించింది. కానీ అందడు, అంత ఎత్తున కూర్చున్నాడు.

"ఏం చూస్తున్నావమ్మా?" దియెప్ దగ్గరికి వచ్చింది.

లువా గుప్పిట మూసింది. బిళ్ళలు డబ్బాలో వేసి, పేలిక చుట్టి, జంట ముడి బిగించింది. అప్పుడు సాంగ్‌ని కసిరింది.

"రెండు మూరలు కాదు, ఇంకో జానెడు కిందికి దింపు. పెద్దాయన చెబుతుంటే వినబడటంలా?"