ట్యాఫ్ట్ గారి ఆవు

ఇలా దగ్గరికి జరగండి. నవ్వాపుకోలేక మధ్యలో ఆగిపోతే ఏమీ అనుకోకండి.

అమెరికా అధ్యక్షుల దినం. హాలు నిండా మైనపు బొమ్మలు. నిజం మైనం కాదు లెండి. ఒక్కొక్కరూ ఒక్కో అధ్యక్షుడి వేషం కట్టి, రెప్ప కొట్టకుండా నిలబడాలి. కాళ్ళ ముందు అట్టముక్కతో చేసిన ఎర్ర బొత్తాం. చూడవచ్చినవాళ్ళు దాన్ని తొక్కగానే బొమ్మకు ప్రాణం వచ్చి తన బతుకు కథ చెప్పుకోవాలి. తొక్కకముందే నవ్విన బొమ్మకు రాత్రి పుడ్డింగ్ లేదు. కెస్లర్ మేడమ్ కట్టడి అది.

ఓపల్‌ది ట్యాఫ్ట్ అధ్యక్షుడి వేషం. అధ్యక్షులందరిలోకీ భారీమనిషి ఆయన. అందుకని కోటు లోపల రెండు తలగడలు కుక్కారు. బూటుతాళ్ళు మేడమే వంగి కట్టింది. ఓపల్‌కి రాత్రంతా సంబరంతో కంటిమీద కునుకు పడితే ఒట్టు.

సంబరం వెనకే గుబులు. పోయినేడు సగంలో మాటలు మరిచిపోయి నోరు తెరుచుకుని నిలబడిపోయింది. "ఈసారీ మరిచిపోయావా, ట్యాఫ్ట్ వేషం మేవిస్‌కి. నువ్వు తెర తాడు లాగుదువుగాని" అని మేడమ్ ముందే చెప్పేసింది. పైగా ఇవాళ టెస్ వస్తోంది. ఆవు సంగతి చెప్పి తీరతానని టెస్‌కి మాటిచ్చింది ఓపల్.

పక్కన లింకన్ వేషంలో డెల్బర్ట్. ఊహ తెలిసినప్పటినుంచీ పక్కింటివాడు. ఓపల్‌ని నవ్వించడమే వాడికి పని.

"ఒసే, నీ పొట్ట మోకాళ్ళలోకి జారింది."

"నీ గడ్డం ఒక్క చెవికే వేలాడుతోంది. ముందు అది చూసుకోరా."

"చూసుకోవాలంటే కదలాలిగా."

వాషింగ్టన్ వేషంలో ఉన్న మేవిస్ కిసుక్కుమంది. పుడ్డింగ్ పోయింది.

బయట పసుపు బస్సు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. జనం బిలబిలమంటూ లోపలికొచ్చారు. టెస్ అటూ ఇటూ చూడలేదు. సూటిగా వచ్చి ఎర్ర బొత్తాం మీద కాలు పెట్టింది.

ఓపల్ నోరు తెరిచింది. ఒక్క ముక్క రాలేదు.

మేడమ్ చూపు మెల్లగా మేవిస్ వైపు తిరిగింది.

అప్పుడు లింకన్ గారు, పెదవి కదపకుండా, సన్నగా అన్నాడు: "అంబా..."

ఇంకేముంది, గట్టు తెగింది. "నేను విలియం హోవర్డ్ ట్యాఫ్ట్‌ని." ముందు పళ్ళు లేవేమో, ట్యాఫ్ట్ అన్నప్పుడల్లా ఈల. "బేస్‌బాల్ ఆటలు మొదలయ్యే రోజున అధ్యక్షుడు తొలి బంతి విసరడం నాతోనే మొదలు. పదవి దిగాక దేశానికే పెద్ద జడ్జినయ్యాను. పాలకోసం వైట్‌హౌస్ పచ్చికలో ఆవును మేపించాను. దాని పేరు పాలీన్."

చెప్పి దర్జాగా వంగింది. తలగడ ధబ్బున జారిపడింది. దాని మీద లింకన్ గడ్డం పడింది. అధ్యక్షులంతా పొట్టలు పట్టుకున్నారు. కెస్లర్ మేడమ్ గోడకానుకుని నవ్వుతోంటే ఇక పుడ్డింగ్ గొడవ ఎవరిక్కావాలి.

టెస్ ముందుకురికి మిగిలిన తలగడను వాటేసుకుంది.

ఓపల్ దాని బుగ్గ పుణికింది. "ఆవు పేరు మరిచిపోకే తల్లీ, నాలా నీకూ ఎనభై ఎనిమిదేళ్ళొచ్చి ఇలాంటి వృద్ధాశ్రమంలో చేరాక, నీ మునిమనవరాలు తన మూడో తరగతి పిల్లలతో వచ్చినప్పుడు నువ్వే చెప్పాలి."