వీడియోలో ఉన్నట్టు

"మూడోసారి కూడా ఫెయిలేనమ్మా" అన్నాడు హెచ్చార్ ఆఫీసరు, ఫోన్లో టైము ఆపుతూ.

పెద్దక్క తను సర్దిన మంచం పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. హోటల్లో గదులు సర్దేవాళ్లందరికీ ఆమె పెద్దక్కే. పక్కలు సర్దే పరీక్షలో మూడుసార్లు ఫెయిలైతే కాంట్రాక్టు పొడిగించరని నోటీసు అంటించి వారమైంది. ఆమెకు బాధ వేయలేదు, భయమూ వేయలేదు. మనసు మొద్దుబారిపోయింది, అంతే.

"ఎక్కడైనా ముడత పడిందా సార్?" అడిగింది సూపర్‌వైజరు.

"లేదు."

"టైము ఎక్కువైందా?"

"నాలుగు నిమిషాలే. ట్రైనింగు వీడియోలో ఏడు పట్టింది."

"మరి ఫెయిలేంటి సార్?"

"వీడియోలో పద్నాలుగు స్టెప్పులున్నాయి. మంచం చుట్టూ మూడుసార్లు తిరగాలి. ఈవిడేమో ఒక వైపంతా పూర్తి చేసేసి, అప్పుడు రెండో వైపుకెళ్లింది. ఈ ఫారంలో ఐదు గళ్లు ఖాళీ. నన్నేం చెయ్యమంటారు?"

"కొత్తవాళ్లంతా పెద్దక్కను చూసే నేర్చుకుంటున్నారు సార్. నడుం నొప్పని సెలవులు పెట్టడం కూడా తగ్గింది."

"అక్కడే చెడింది. నేర్చుకోవాల్సింది వీడియో చూసి. ఎవరికి తోచినట్టు వాళ్లు చేస్తే, మేమున్నది గోళ్లు గిల్లుకోవడానికా?"

సూపర్‌వైజరు మాత్రం చెవిటివాడి ముందు ఎంతసేపని శంఖం ఊదుతుంది?

పాపం, ఆఫీసరు మరీ చెడ్డవాడేం కాదు. "ఇంకొక్క ఛాన్సిస్తాను. బుర్ర వాడకు. వీడియోలో ఉన్నట్టే చెయ్యి చాలు" అంటూ పరిచిన దుప్పటి తనే లాగేశాడు.

పెద్దక్క మొదలుపెట్టింది. వీడియోలో ఉన్నట్టే చేద్దామనుకుంది కూడా. మూడో స్టెప్పు దాటేసరికి చేతులు వాటి దారిన అవి పోయాయి. నాలుగు నిమిషాలకు పక్క తయారైంది. ఫారంలో మళ్లీ ఐదు గళ్లు ఖాళీ.

ఆఫీసరు తల పట్టుకున్నాడు. ట్యాబులో వీడియో పెట్టి ఆమె ముందుకు తోశాడు. మొహం కనిపించదు. రెండు చేతులు మాత్రం దుప్పటి అంచులు మడుస్తున్నాయి.

"చూడమ్మా, ఎంత పద్ధతిగా చేస్తోందో! ఈవిడలా చెయ్యడానికి నీకేమైంది?"

పెద్దక్క ఆ చేతులవైపు కాసేపు చూసింది.

"అది నేనే సార్. హోటలు తెరిచిన వారంలో తీశారు. అప్పటికింకా నాకు పని రాదు."