చేపలు తోమే బండ

"దాన్ని కదిపితే ఊరుకోనండి. మా అత్తగారు కాపరానికి వచ్చేనాటికే ఇక్కడుంది ఈ బండ" అంటూ మరిడమ్మ రెండు చేతులూ దాని మీద ఆనించి కూర్చుంది.

ధవళేశ్వరంలో గోదారి గట్టు దిగువన ఉంది వాళ్ల ఇల్లు. పెరట్లో మంచమంత బండ. దాని మీద బూడిద వేసి తోమితే కొర్రమీను జిగురంతా పోతుందని రాజమండ్రి నుంచి కూడా జనం వస్తారు. ఆ బేరాలతోనే ఇల్లు గడుస్తోంది.

ఎదురుగా నిలబడ్డ దుర్గాశ్రీ కాలేజీలో చరిత్ర లెక్చరర్. సెలవు దొరికితే చాలు, పాత సమాధుల ఫోటోలు తీసి ఒక వెబ్‌సైట్‌లో పెడుతుంటుంది. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

"పట్టుకుపోనండీ. తిరగేసి ఒక్క ఫోటో తీసుకుంటానంతే. ఇంగ్లండ్‌లో ఒక పెద్దాయన వాళ్ల వంశవృక్షం రాసుకుంటున్నారు. ఆయన ముత్తాత ఇక్కడ కాలవల మీద ఇంజినీరుగా చేశారట. ఆ ఇంజినీరు కూతురు ఎమిలీ అని చిన్నపిల్ల, గోదాట్లో పడిపోయిందట. తండ్రి సమాధిరాయి చెక్కించినట్టు ఆన్‌లైన్ రికార్డుల్లో ఉంది. కానీ దొరల సమాధుల రిజిస్టర్లో ఆ పిల్ల పేరు లేదు, ఆ రాయీ లేదు."

"లేకపోతే నన్నేం చెయ్యమంటారు?"

"మొన్న చేపకని వచ్చినప్పుడు మీ బండ కింద సందులో ఫోన్ పెట్టి ఫోటో తీశాను. చూడండి, ఇంగ్లీషులో ఎమిలీ అని ఉంది."

మరిడమ్మ ఫోన్ వంక చూడనే లేదు. "అంటే మావాళ్లు దొంగతనంగా ఎత్తుకొచ్చారంటారా?"

"అలా అనడం లేదండీ..." దుర్గాశ్రీ నసిగింది. "రాయి దానంతటది నడిచి రాదు కదా."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "మావాళ్లని మేం ఈ గట్టునే పూడ్చుకుంటామండి. ఇంకోళ్ల సమాధి ముట్టుకునే ఖర్మ మాకేంటి?" అంది మరిడమ్మ.

తోమడానికి చేప ఇచ్చి నిలబడ్డ బేబీ అనే ఆవిడ, పాత బేరమే, మొహం చిట్లించింది. "సమాధిరాయి మీదా ఇన్నాళ్లూ మాకు తోమిపెట్టావు? నా చేప నాకిచ్చెయ్యి మరిడమ్మా."

అంతే. ఆమె వెనక ఉన్న మరో ఇద్దరు కూడా సంచులు సర్దుకున్నారు. పరువూ, పొట్టకూటి బేరమూ ఒక్కసారే గుమ్మం దిగిపోతుంటే మరిడమ్మకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఆమె మొగుడు పల్లంరాజు లేచాడు. ఆ ఇంట్లో తరానికో పల్లంరాజు ఉంటాడు. తను ఎన్నోవాడో అతనికీ తెలియదు.

"తిరగేద్దాం లేవే. దొంగసొమ్మయితే ఇచ్చేద్దాం. కాదనుకో, మేడంగారే ఆ మాట అందరి ముందూ చెబుతారు. చెబుతారు కదండీ?"

"చెబుతానండీ" అంది దుర్గాశ్రీ.

పక్కింటివాళ్లు గునపాలు తెచ్చారు. బండ మూలుగుతూ లేచి వెల్లకిలా పడింది. మరిడమ్మ బకెట్‌తో నీళ్లు కుమ్మరించింది. మట్టి కరిగి అక్షరాలు తేలాయి. ఇన్నేళ్లూ నేలకు మొహం పెట్టుకుని ఉండటం వల్ల ఒక్క గీత కూడా అరగలేదు.

దుర్గాశ్రీ వంగి పైనున్న ఇంగ్లీషును తెలుగులో చదివింది. "ఎమిలీ తండ్రి, కృతజ్ఞతతో..." అని ఆగిపోయింది. "కృతజ్ఞతేంటి? కూతురు పోతే కృతజ్ఞతెవరికి?"

"కింద తెలుగుంది చూడండి" అంటూ పల్లంరాజు గొంతుక్కూర్చున్నాడు. బడిలో ఎక్కువ కాలం ఉన్నవాడు కాదు. మట్టి తుడుస్తూ, వేలుపెట్టి ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాడు.

"మా పాపను... ఒడ్డుకు... చేర్చి... తాను మునిగి... చనిపోయిన... పడవవాడు... ఈ రాతి కిందనే... నిద్రించుచున్నాడు."

దుర్గాశ్రీ మెల్లగా వెనక్కి జరిగి చెప్పులు విడిచింది.

"పాప బతికిందండీ. అందుకే రిజిస్టర్లో లేదు" అంది అందరికీ వినబడేలా. "పడవవాళ్లను పూడ్చేది ఈ గట్టునే కదా. ఈ రాయి ఎక్కణ్ణుంచీ రాలేదు. ఇక్కడే నిలబెట్టారు, ఇక్కడే బోర్లా పడింది. నన్ను క్షమించండి మరిడమ్మగారూ."

మరిడమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. "పాపం, ఏ తల్లి కన్న బిడ్డో! పేరేంటయ్యా ఆయనది?"

పల్లంరాజు చివరి వరుస మీది మట్టి తుడిచాడు. ఈసారి కూడబలుక్కోవలసిన పని లేకపోయింది.

"పల్లంరాజు" అన్నాడు పల్లంరాజు.